కొరియా చరిత్రకు తొలి మెట్టు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం వ్రాయమని కార్యదర్శిగారు అడిగేనాటికి నా బల్ల మీద కొరియా చరిత్ర పుస్తకం ఉంది. కారణం లేకపోలేదు. నార్సింగిలో మాతోనే ఉంటూ ఐటీ కంపెనీలో పనిచేసే మా మనవరాలికి సియోల్‌లో రెండేళ్ల ఉద్యోగం ఖాయమైంది. "తాతయ్యా, నాకు సీరియళ్లు తప్ప ఏమీ తెలియదు. వెళ్లేలోగా చదవడానికి ఒక్క పుస్తకం చెప్పు" అంది. పరాయి దేశంలో తెలియక ఎవరి మనసు నొప్పిస్తుందోనని నా బెంగ.

నేను చదివినది కొరియా చరిత్రకారుడు కీ-బైక్ లీ గ్రంథం, 'ఎ న్యూ హిస్టరీ ఆఫ్ కొరియా'. మూలం 1967లో వెలువడింది. ఎడ్వర్డ్ వాగ్నర్ ఇంగ్లీషు అనువాదాన్ని 1984లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ప్రెస్ ప్రచురించింది.

ఇందులోని మొదటి సుగుణం, రాజుల వరుస చెప్పి ఊరుకోకపోవడం. పాలకవర్గం ఎప్పుడెలా మారిందన్న దాన్నిబట్టి యుగాలను విభజించారు. రెండోది, కొరియన్ల చూపుతో వ్రాయడం. 1910 నుంచి 1945 వరకు ఏలిన జపాన్ ఆ దేశ చరిత్రను తక్కువచేసి చూపింది. ఆ ధోరణిని లీ గట్టిగా ఖండించారు.

సెజోంగ్ రాజు 1446లో ప్రకటించిన హంగుల్ లిపి సంగతే చూడండి. పండితులు చైనా లిపినే పట్టుకు వేలాడగా, స్త్రీలూ సామాన్యులూ హంగుల్‌ను నిలబెట్టారు. గిడుగు రామమూర్తి పంతులుగారి పోరాటం ఎరిగిన మనకు ఇది పరాయి కథ అనిపించదు. జపాన్ హయాంలో, 1940లో, పేర్లు సైతం జపాను పద్ధతికి మార్చుకోమన్నారు. 1921లో హైదరాబాదు సభలో తెలుగులో మాట్లాడిన వ్యక్తిని గేలిచేస్తే ఆంధ్ర జనసంఘం పుట్టిన సంగతి నాకు గుర్తొచ్చింది.

లోపాలూ ఉన్నాయి. పేర్లు కుప్పలుగా వస్తాయి. కొత్తవారు యాభై పేజీల్లోనే అలసిపోతారు. అసలు చిక్కు, కథ 1960 ఏప్రిల్ విద్యార్థి ఉద్యమంతో ఆగిపోవడం. 1961 సైనిక కుట్ర, 1980 గ్వాంగ్‌జు కాల్పులు, 1987 ప్రజాస్వామ్య ఉద్యమం ఇందులో లేవు. యుద్ధంలో బూడిదైన దేశం మన పెనుకొండ దగ్గర 2019లో కార్ల తయారీ మొదలుపెట్టే స్థాయికి ఎలా ఎదిగిందో ఈ పుస్తకం చెప్పదు.

మరొకటి. 2014లో మనమూ రాష్ట్ర విభజన చూశాం, ఉద్యోగుల పంపకాల జాబితాలు చూశాం. అయినా విజయవాడ బస్సు ఆగలేదు. 1945లో ఇద్దరు అమెరికన్ అధికారులు పటం మీద 38వ అక్షాంశాన్ని సరిహద్దుగా ఎంచారు. 1950-53 యుద్ధం తర్వాత ఆ దేశంలో రాకపోకలే తెగిపోయాయి. దక్షిణాదిలోనే చెదిరిపోయిన బంధువుల కోసం 1983లో కేబీఎస్ టెలివిజన్ 138 రోజులు కార్యక్రమం నడపగా, సుమారు పదివేల కుటుంబాలు కలుసుకున్నాయి. ఆ గాయం తెలియనివారు కొరియన్ సహోద్యోగిని "మీ బంధువులు ఉత్తరాన ఉన్నారా?" అని తేలిగ్గా అడిగేస్తారు.

కనుక నా తీర్పు ఇది: పునాదికి లీ గ్రంథం చాలు, ఇంటికి చాలదు. దానికి తోడు 1997లో వచ్చిన బ్రూస్ కమింగ్స్ 'కొరియాస్ ప్లేస్ ఇన్ ది సన్' చదవాలి. ఆయనతో ఏకీభవించని పండితులున్నారు. అందుకే రెండూ కావాలి.

మనవరాలికి రెండూ ఇచ్చాను. "ఒక్కటి చాలన్నాను కదా తాతయ్యా" అంది. సెజోంగ్ అధ్యాయంతో మొదలుపెట్టమన్నాను. పెట్టెలో చీరలు తగ్గించి పుస్తకాలు సర్దుకుంది. మిత్రుల పిల్లలెవరైనా అటు వెళ్తుంటే, నాకు మిగిలిన అనుభవం ఇదే.