అమరావతి శిల్పముల ప్రవాసము

చెన్నపట్టణమున ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియమునకు పోయిన తెలుగువాడు అమరావతి శిల్పశాలలో అడుగిడినంతనే ఆ పలనాటి సున్నపురాతి పలకల సొగసునకు ముగ్ధుడగుట సహజమే గాని, తన కన్నుల యెదుట నున్నది ఒకే మహాకట్టడము మేనినుండి ఊడదీసిన అవయవరాశి యని తలపోయుట అరుదు. ఈ రాళ్లు ఇచ్చటి కెట్లు వచ్చెనో తెలియనిచో చూచిన చూపు సగమే యగును.

క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దినాటికి అమరావతి చెంతి ధాన్యకటకమున వెలసిన ఆ మహాచైత్యము, శాతవాహనుల యేలుబడిలో మార్పులు చేర్పులు పొందుచు, క్రీస్తుశకము మూడవ శతాబ్ది వరకు పెరుగుచునే వచ్చెను. దాని వేదిక అడ్డుకొలత సుమారు 49 మీటర్లు. దిక్కున కైదేసి ఆయక స్తంభములు. చుట్టును ఎత్తైన శిలాప్రాకారము. సింహళమున గడలాదెణియలోని 1344 నాటి శాసనము ధాన్యకటకమున జరిగిన జీర్ణోద్ధరణమును పేర్కొనుటచే, ఆ స్థలమహిమ అంతవరకును బౌద్ధలోకమున మాసిపోలేదని తెలియుచున్నది.

పిమ్మట అది దీపాలదిన్నె యను పేర మట్టిదిబ్బయై పడియుండెను. పద్దెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయడు అమరావతిని రాజధానిగా కట్టింపబూనగా ఆ దిబ్బ రాళ్లకును ఇటుకలకును ఆకరమయ్యెను. ఆ వార్త విని 1797లో వచ్చి చూచిన కాలిన్ మెకంజీ, 1816లో సర్వేయర్ జనరల్ హోదాలో చిత్రకారులను వెంటబెట్టుకొని మరలి వచ్చునప్పటికి, దిబ్బ నడిమిభాగము చెరువుగా మారియుండెను. ఆయన వ్రాయించిన చిత్రములే నేడు మనకు ప్రథమాధారములు. ఆ దొర చరిత్రాన్వేషణమునకు కావలి సోదరులవంటి తెలుగువారు చేసిన తోడ్పాటు మనవారు తగినంతగా స్మరింపకుండుట చింతింపదగినది.

1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి చెన్నపట్టణమునకు పంపిన శిలలు ఏండ్లతరబడి ఎండకు వానకు గురియై, 1859లో ఓడనెక్కి లండను చేరెను. అచ్చటను వాని కాదరము లభింపలేదు. ఫైఫ్ హౌసు అను భవనపు బండ్లశాలలో మూలబడియున్న వానిని 1867లో జేమ్స్ ఫెర్గుసన్ కనుగొని, మరుసటి యేడు తన గ్రంథమున ప్రకటించువరకు లోకమునకు వాని విలువ తెలియరాలేదు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియమున చేరినవి.

ఇచ్చట అమరావతిలో 1877లో రాబర్ట్ సూయెల్ కొంతభాగము త్రవ్వించెను. 1880లో గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు ఆజ్ఞచే దిబ్బనంతయు తవ్విపోయగా, తరువాత వచ్చిన జేమ్స్ బర్జెస్‌కు మిగిలినది పెద్ద గొయ్యి మాత్రమే. రాళ్లకై ఇటుకలకై దిబ్బను త్రవ్వినవాడు తాను చేయునది విధ్వంసమని యెరుగడు. పురావస్తువులపై ప్రీతితో పలుగు పట్టించినవాడు ఎరిగియు తొందరపడెను. నా తలంపున రెండవ వానిదే పెద్ద నేరము.

ఆ త్రవ్వకములందు దొరకిన పెక్కు శిలలు ఎగ్మూరు చేరి, అక్కడి గోడలలో పొదుగబడెను. వానిలో నలగిరి దమనమను వర్తులశిల్పము చెంత కొంతసేపు నిలువవలెను. నలగిరి యను మదించిన ఏనుగు తొండముతో మనుజుని కాలుపట్టి యీడ్చుచుండగా వీధి జనము చెల్లాచెదరగుచున్నది; భయవిహ్వలయైన యువతి ప్రక్కనున్న పురుషుని పట్టుకొనియున్నది; గవాక్షములనుండి స్త్రీలు తొంగిచూచుచున్నారు. ఆ వర్తులమునందే, అడుగు ప్రక్కగా, అదే ఏనుగు బుద్ధుని పాదముల మోకరిల్లియున్నది. రెండు క్షణములను ఒకే రాతిపై ఇమిడ్చియు గజిబిజి రానీయని ఆ యుక్తి నేటి చిత్రకారులు సయితము నేర్వదగినది.

లండనులోని ఒక పలక యింకను విచిత్రమైనది. దానికొక వైపున బోధివృక్షమును శూన్యాసనమును కొలుచు ప్రాచీన దృశ్యము. కొన్ని శతాబ్దముల పిదప ఆ రాతినే త్రిప్పి, రెండవ వైపున సర్వాలంకారశోభితమైన స్తూపమును చెక్కిరి. బుద్ధుని రూపము చూపక గుర్తులతో తృప్తిపడిన కాలమును, శిల్పము మిక్కిలి పుష్టినొందిన కాలమును ఒకే రాయి వీపున మోయుచున్నది.

1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినను ఎగ్మూరు శిలలు చెన్నపట్టణముననే యుండిపోయినవి. అమరావతిలోని స్థలమ్యూజియమున తరువాతి త్రవ్వకములందు లభించినవి కొన్ని కలవు. ఎగ్మూరు పోవువారు ముందుగా మెకంజీ చిత్రములను చూచి పోవుట మేలు. బ్రిటిష్ లైబ్రరీలోని ఆ చిత్రములలో కనిపించు శిలలు కొన్ని నేడు ఏ మ్యూజియమునను లేవు.