గుర్రం పక్కన నడిచేవాళ్ళు

గుర్రమెక్కిన ఆడది అనగానే మనకి రుద్రమదేవి గుర్తొస్తుంది, ఆ తర్వాత ఝాన్సీ లక్ష్మీబాయి. ఇద్దరూ కత్తి పట్టినవాళ్ళే, రాజ్యాలేలినవాళ్ళే. నేను చెప్పబోయే ఆవిడకి రాజ్యమూ లేదు, కత్తీ లేదు. ఆ మాటకొస్తే మోకాళ్ళ కింద కాళ్ళలో సత్తువ కూడా లేదు. అయినా గుర్రమెక్కింది. ఎక్కింది అనేకంటే ఎక్కించారు అనడం న్యాయం. ఆ ఎక్కించినవాళ్ళ గురించే నేను చెప్పాలనుకుంటున్నది.

ఆవిడ పేరు లీస్ హార్టెల్. డెన్మార్కు దేశస్థురాలు, 1921లో పుట్టింది. చిన్నప్పట్నించీ గుర్రాలంటే ప్రాణం. పెళ్ళయింది, ఒక బిడ్డకి తల్లయింది, అయినా స్వారీ మానలేదు. 1944 సెప్టెంబరులో, ఇరవై మూడేళ్ళ వయసులో, రెండోసారి కడుపుతో వుండగా పోలియో వచ్చి పడింది. ఆ స్థితిలో ఆవిడ మనసు ఎలా వుండి వుంటుందో మనలో తల్లులైన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అదృష్టం ఏమిటంటే బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది. తల్లికి మాత్రం తొడలూ, చేతులూ కూడా దెబ్బతిన్నాయి. మోకాళ్ళ కింద కాళ్ళు మళ్ళీ ఎన్నడూ స్వాధీనంలోకి రాలేదు. తల్లీ, భర్తా సాయం పడుతుంటే చెయ్యెత్తడం దగ్గర్నించి మళ్ళీ మొదలుపెట్టింది. పసిపిల్లలా పాకడం నేర్చుకుంది. తర్వాత చంకకర్రలు. ఆ తర్వాత గుర్రం కావాలంది!

ఎక్కించారు, పడింది. మళ్ళీ ఎక్కించారు. మామూలుగా రౌతు గుర్రానికి చెప్పదలచిన సంగతుల్లో చాలాభాగం కాళ్ళతో చెబుతాడు. ఈవిడకి ఆ భాషే లేదు కదా. అంచేత నడుముతో, ఒంటి బరువుని అటూ ఇటూ మార్చడంతో చెప్పడం అలవాటు చేసుకుంది. జూబిలీ అనే ఆవిడ గుర్రం ఆ కొత్త భాషని నేర్చుకుంది. 1947లో స్కాండినేవియా దేశాల పోటీల్లో రెండో స్థానం వచ్చింది.

ఆవిడ పాల్గొన్న పోటీని డ్రెస్సేజ్ అంటారు. గుర్రం చేత లయ తప్పకుండా నాట్యం లాంటి నడకలు నడిపించడం అన్నమాట. ఒలింపిక్స్‌లో అప్పటిదాకా అది సైన్యంలో ఆఫీసర్లకి తప్ప వేరొకరికి దక్కేది కాదు. ఆ పట్టింపు ఎంతవరకూ వెళ్ళిందో చెబితే నవ్వొస్తుంది. 1948లో లండన్‌లో స్వీడన్ జట్టు బంగారు పతకం గెలిచింది. అందులో గెహ్నాల్ పెర్సన్ అనే అతను నిజానికి సార్జంటనీ, పోటీల కోసం తాత్కాలికంగా ఆఫీసర్ని చేశారనీ బయటపడింది. మరుసటేడు జట్టు మొత్తానికీ పతకాలు లాగేసుకున్నారు! సార్జంటుకే అంత అంటు వుంటే ఇక ఆడవాళ్ళ మాట అడగాలా? 1952లో హెల్సింకీలో నిబంధన సడలించారు. నలుగురంటే నలుగురు ఆడవాళ్ళు మగవాళ్ళతో సమానంగా అందులో పోటీకి దిగారు. లీస్‌కి వెండి పతకం వచ్చింది. బంగారు పతకం గెలిచిన స్వీడన్ రౌతు హెన్రీ సాంక్ట్ సీర్ ఆవిడకి సాయం పట్టి వేదిక ఎక్కించాడు. 1956లో స్టాక్‌హోంలో మళ్ళీ వెండి. (ఆ ఏడు ఒలింపిక్స్ మెల్‌బోర్న్‌లో అయినా, ఆస్ట్రేలియా వాళ్ళ క్వారంటీన్ నిబంధనల వల్ల గుర్రాల పోటీలు స్టాక్‌హోంలో జరిపారు.)

ఆ పతకానికి అంత విలువెందుకు వచ్చిందో తెలియాలంటే అప్పట్లో పోలియో అంటే ఏమిటో గుర్తు చేసుకోవాలి. అదే 1952 ఆగస్టులో కోపెన్‌హేగన్‌లో జబ్బు విజృంభించింది. బ్లెగ్‌డామ్ ఆస్పత్రిలో ఊపిరి తీసుకోలేని రోగుల పక్కన వైద్యవిద్యార్థులు వంతులవారీగా కూర్చుని, రబ్బరు సంచి చేత్తో నొక్కుతూ రాత్రింబవళ్ళు గాలి అందించారు. టీకా ఇంకా రాలేదు. అలాంటి రోజుల్లో, కాళ్ళు పోయిన ఒక తల్లి గుర్రం మీద నిటారుగా కూర్చున్న ఫొటో పేపర్లో చూసిన ఇళ్ళల్లో ఏమనుకుని వుంటారు!

నార్వేలో ఎల్సెబెట్ బోట్కర్ అనే ఫిజియోథెరపిస్టు, దెబ్బతిన్న పిల్లల్ని గుర్రాలెక్కించడం మొదలుపెట్టింది. ఇంగ్లండులో నోరా జేక్స్ అనే ఆవిడ పొట్టి గుర్రాలతో ఆ పనే తలకెత్తుకుంది. అక్కడక్కడ పుట్టిన బృందాలన్నీ కలిసి 1964లో ఒక సలహా మండలిగా, 1969లో రైడింగ్ ఫర్ ది డిజేబుల్డ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. 1971లో రాకుమారి ఆన్ దానికి పోషకురాలయింది. స్వయంగా ఒలింపిక్స్‌లో స్వారీ చేసిన మనిషి లెండి, పేరుకి మాత్రమే వుండే పోషకురాలు కాదు. చూశారూ, ఈ చరిత్రలో ఎటు తిరిగినా ఆడవాళ్ళే!

ఇందులో మర్మం ఏమీ లేదు. గుర్రం నడుస్తున్నప్పుడు దాని వీపు ముందుకీ వెనక్కీ, పక్కకీ, పైకీ కిందికీ కదులుతుంది. మనం నడిచేటప్పుడు మన నడుమూ దాదాపు అలాగే కదులుతుంది. ఎన్నడూ అడుగు వెయ్యని పిల్లకి కూడా ఆ లయ నడుముకి అందుతుంది. వెచ్చటి ఒంటి మీద కాళ్ళు చెరోవైపూ వేసి కూర్చుంటే బిగుసుకుపోయిన కండరాలు వదులవుతాయి. తూలకుండా కూర్చోవడం కోసం వీపు తనంతట తనే పనిచేస్తుంది. అంతేగానీ గుర్రమెక్కితే పోయిన కాళ్ళు తిరిగొస్తాయని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. లీస్‌కే రాలేదు.

మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్ళినప్పుడు, వాళ్ళ వూరికి దగ్గర్లో ఇలాంటి చోటుకి కొన్ని వారాలపాటు సాయానికి వెళ్ళాను. బురదలో చీరేం కట్టను, మా అమ్మాయి ప్యాంటూ రబ్బరు బూట్లూ వేసుకున్నాను. మా వారు చూసి నవ్వారనుకోండి, అది వేరే సంగతి. ఒక పిల్ల గుర్రమెక్కడానికి ముగ్గురు కావాలి. ఒకరు కళ్ళెం పట్టుకుని ముందు నడుస్తారు, ఇద్దరు చెరోవైపూ నడుస్తారు. కూలీ లేదు, చివర్లో టీ మాత్రం ఇస్తారు. జీను ముందుభాగం పట్టుకుని, ముంజెయ్యి పిల్ల తొడ మీదుగా ఆనించి నడవమన్నారు. గట్టిగా అదమకూడదు. పడబోతే పట్టుకోవాలి, లేకపోతే చెయ్యి వుందన్న సంగతే పిల్లకి తెలియకూడదు.

వినడానికి సుళువే. నాకెంత కష్టమయిందో ఆ దేవుడికే తెలుసు. మా చిన్నతనంలో ప్రతి వీధిలోనూ పోలియో వచ్చిన పిల్లలుండేవారు. మా పక్కింట్లో ఒకమ్మాయి వుండేది. వాళ్ళమ్మ దాన్ని పన్నెండేళ్ళొచ్చేదాకా చంకన మోసింది. నూతి దగ్గరికీ, గుడికీ, పేరంటాలకీ చంక దించలేదు. అంత ప్రేమలో కూడా ఆ పిల్లని "నీకేం కావాలే?" అని అడిగిన గుర్తు నాకు లేదు. మన దేశంలో చిట్టచివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదయింది. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతమని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఆ వార్త విన్నరోజు నాకు ఆ పక్కింటావిడ నడుమే కళ్ళముందు మెదిలింది.

నాకు అప్పగించిన పిల్లకి ఎనిమిదేళ్ళుంటాయి. పుట్టుకతోనే కాళ్ళు బిగుసుకుపోయిన పిల్ల. మూడో వారం, సగం చుట్టు తిరిగాక, నా చెయ్యి వంక చూసి తీసెయ్యమంది. నేను టీచరు వంక చూశాను. ఆవిడ సరేనన్నట్టు తల వూపింది. తీశాను. గుండె దడదడలాడుతుంటే, జానెడు దూరంలో చెయ్యి గాలిలో వుంచి నడిచాను. పిల్ల కాస్త ఎడమకి వొరిగింది, తనే సర్దుకుంది. ఆ మలుపు నించి కంచె దాకా ముప్ఫై అడుగులుంటాయేమో. అక్కడ గుర్రాన్ని ఆపి, చెయ్యి మళ్ళీ వెయ్యమని తనే చెప్పింది.