తాడు తీసేశాక

మా ఇంటి బేస్‌మెంటులో, ఖాళీ ఆవకాయ జాడీలకీ ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్లుకీ మధ్య, గుర్రాలకి దాణా పెట్టే గుండ్రటి రబ్బరు తొట్టి ఒకటి బోర్లించి ఉంటుంది. రోజూ సాయంత్రం ఐదు నిమిషాలు మా బూరె దానిమీద ముందుకాళ్ళు రెండూ ఆనించి, వెనకకాళ్ళతో చుట్టూ తిరుగుతుంది. గడియారం ముల్లులా అటొక చుట్టు, ఇటొక చుట్టు. సరిగ్గా తిరిగితే ఉడికించిన కోడిముక్క, గోరంత.

బూరె మా కుక్కపిల్ల. పదకొండు నెలలు. రంగూ, చిన్నప్పటి పొట్టా చూసి మా అమ్మాయి పెట్టిన పేరు. ఏ జాతో చెప్పడం కష్టం.

మొన్న సలివన్ రోడ్డు మీది బాలాజీ గుడికి వచ్చి, పులిహోర పొట్లంతో మా ఇంట్లో ఆగిన ఒక మిత్రుడు ఈ ప్రదక్షిణం చూసి, "ఏంటండీ ఇది?" అన్నాడు. అజిలిటీ అనే ఆట ఉంది, కుక్క అడ్డంకులు దూకుతూ, గొట్టాల్లోంచి దూరుతూ, కర్రల మధ్య పాములా మెలికలు తిరుగుతూ పరిగెత్తాలి, దానికిది ఫౌండేషన్ అని చెప్పాను. "ఓహో, ఆరో క్లాసులో ఐఐటీ ఫౌండేషన్ లాగా!" అని పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ ఆ ఫౌండేషన్ నాకెందుకు అవసరమైందో అతనికి చెప్పలేదు. ఇక్కడ చెప్తాను.

పోయిన సెప్టెంబరులో ఒక స్నేహితురాలి పెరట్లో టీటర్ ఉంటే, బూరెని దాని మీదికి ఎక్కించాను. టీటర్ అంటే పార్కుల్లో పిల్లలు చెరోవైపూ కూర్చుని పైకీ కిందకీ ఊగే బల్లే. ఆటలో వాడేది పన్నెండు అడుగుల పొడవుంటుంది. కుక్క ఒక చివర ఎక్కి, మధ్యకి వచ్చేసరికి రెండో చివర దాని బరువుకి కిందికి వాలుతుంది. బూరె సగందాకా వచ్చి, కాళ్ళకింద బల్ల కదలగానే ఆగిపోయింది. నేను పట్టీ పట్టుకుని ముందుకి లాగాను. బల్ల ధడేల్మని నేలకి కొట్టుకుంది. అది గెంతి, పడి, లేచి, తోకని పొట్టకిందకి ముడుచుకుని కారు దగ్గరికి పారిపోయింది. ఆ తరవాత రెండు నెలలు చెక్క చప్పుడు వింటే చాలు, వంటింట్లో చపాతీల పీట కింద పడినా సరే, సోఫా వెనక్కి వెళ్ళిపోయేది.

తప్పు నాదే. నా చెయ్యి ఎందుకలా లాగింది? ఎవరు నేర్పారు? వెతుక్కుంటూ పోతే నూరేళ్ళు దాటిన చరిత్ర తగిలింది.

జర్మనీలో కొన్రాడ్ మోస్ట్ అనే పోలీసు అధికారి 1910లో కుక్కల శిక్షణ మీద ఒక పుస్తకం రాశాడు. పోలీసు, సైనిక కుక్కల పెంపకానికి అదే చాలాకాలం పెద్దబాలశిక్ష. మోస్ట్ మొరటువాడని కొట్టిపారేయడం అన్యాయం. చేసిన పనికి ఫలితం వెంటనే అందితేనే కుక్కకి అర్థమవుతుందనీ, ఆలస్యమైతే మెప్పయినా దండనయినా వృథా అనీ అతను అంత ముందే కనిపెట్టాడు. కాకపోతే అతని సరంజామాలో బెత్తం ఉంది, ముళ్ళ పట్టీ ఉంది. కుక్కకీ మనిషికీ మధ్య ఉన్నది పెత్తనం కోసం జరిగే కుస్తీ అనీ, అందులో మనిషే గెలవాలనీ అతని నమ్మకం.

అమెరికాలో కుక్కల శిక్షణ మామూలు ఇళ్ళలోకి వచ్చింది హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అనే ఆవిడ వల్ల. ఆవిడ పెంచేది పూడిళ్ళని. అవి బొచ్చు కత్తిరించిన బొమ్మలే తప్ప దేనికీ పనికిరావని జనం వెక్కిరిస్తుంటే ఒళ్ళు మండి, 1933లో న్యూయార్కు రాష్ట్రంలోని మౌంట్ కిస్కోలో విధేయత పోటీ ఒకటి పెట్టింది. తరవాత 1937లో తన సహచరి బ్లాంచ్ సాండర్స్‌తో కలిసి, కారు వెనక ట్రెయిలరు తగిలించుకుని, పూడిళ్ళని ఎక్కించుకుని, పదివేల మైళ్ళు తిరిగి ప్రదర్శనలిచ్చింది. ఆ రోజుల్లో ఇద్దరు ఆడవాళ్ళు చేసిన ఆ ప్రయాణం మీద ఎవరైనా సినిమా తియ్యాలి.

ఆ పోటీల్లో కుక్క ఎడమపక్కనే నడవాలి. మెడలో పట్టీ, చేతిలో తాడు. తప్పడుగు వేస్తే ఒక కుదుపు. ఈ కుదుపుని శాస్త్రంగా చేసినవాడు విలియం కేలర్. డిస్నీ సినిమాల్లో జంతువులకి శిక్షణ ఇచ్చినవాడు. 1962లో వచ్చిన అతని పుస్తకం అమెరికాలో లక్షల ఇళ్ళలోకి వెళ్ళింది. తోటలో గోతులు తవ్వే కుక్క ఉంటే, ఆ గోతినే నీళ్ళతో నింపి దాని ముఖం అందులో ముంచమని ఉంటుంది అందులో. చదువుతూ నేను పుస్తకం మూసేసి, కాసేపు బూరె పక్కన కూర్చున్నాను. కానీ ఆ పుస్తకం చదవకుండానే నా చెయ్యి పట్టీని లాగిందే! పుస్తకాలు చదివి కాదు, చూసిచూసి అబ్బే విద్య ఇది.

రెండో దారి ఒకటి ఆసరికే ఉంది. అది కుక్కల దగ్గర మొదలవలేదు. పావురాల దగ్గర మొదలైంది. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా, మినియాపొలిస్‌లో జనరల్ మిల్స్ పిండిమిల్లు పై అంతస్తులో బి. ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వశాస్త్రవేత్త, బాంబులకి దారి చూపించేందుకు పావురాలకి తర్ఫీదిస్తున్నాడు. సైన్యం చివరికి ఆ పావురాలని వాడనేలేదు. అయితే 1943లో ఒకరోజు స్కిన్నరూ, అతని శిష్యులు కెల్లర్ బ్రెలండ్, నార్మన్ గట్‌మన్‌లూ తోచక ఒక పావురానికి ముక్కుతో బంతిని నెట్టడం నేర్పుదామనుకున్నారు. నెట్టేదాకా ఆగి గింజలు వేద్దామంటే ఎంతకీ నెట్టదు. సరే, బంతివైపు చూసినా గింజ, ముక్కు కాస్త వంచినా గింజ అన్నారు. కొద్ది నిమిషాల్లో పావురం బంతిని గోడలకేసి బాదడం మొదలెట్టింది. మెట్టుమెట్టుగా, ప్రతి చిన్న ప్రయత్నానికీ ఫలితమిస్తూ పనిని మలచడం అనే ఈ పద్ధతి, అక్కడ చేత్తో గింజలు వేస్తూ కనిపెట్టింది.

బ్రెలండ్, ఆయన భార్య మేరియన్ చదువులు వదిలేసి 1947లో దీన్నే వృత్తిగా పెట్టుకున్నారు. కోళ్ళ చేత పియానో వాయించారు. 1951లో స్కిన్నర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాస్తూ, బజార్లో దొరికే టిక్కుటిక్కుమనే పిల్లల ఆటవస్తువు ఒకటి చాలు, సరైన క్షణాన ఆ చప్పుడు చేసి తరవాత తిండి పెడితే కుక్కకి ఏదైనా నేర్పవచ్చన్నాడు. ఇప్పుడు నా జేబులో ఉన్న క్లిక్కరుకి తాత అదే. కానీ కుక్కలవాళ్ళు దశాబ్దాలపాటు ఆ వైపు చూడలేదు. తాడుతో పని జరుగుతున్నప్పుడు టిక్కుటిక్కులెందుకు? డాల్ఫిన్ల దగ్గర మాత్రం వేరే దారి లేకపోయింది. ఈదుకుంటూ పోయే జంతువుకి తాడెక్కడ కడతాం? హవాయిలో డాల్ఫిన్లకి తర్ఫీదిచ్చిన కేరెన్ ప్రయర్, ఆ అనుభవంతో 1984లో ‘డోంట్ షూట్ ద డాగ్’ రాసింది. కుక్కల శిక్షణలో క్లిక్కరు చప్పుడు గట్టిగా వినిపించడం మొదలైంది ఆ తరవాతే.

ఈలోగా లండన్‌లో ఇంకో కథ జరిగింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

1978 ఫిబ్రవరి. ఒలింపియా హాల్లో క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శన. పెద్ద మైదానంలో ఒక పోటీకీ ఇంకోదానికీ మధ్య కాస్త ఖాళీ ఉంది. నాటకంలో తెర దించినప్పుడు హాస్యగాడు వచ్చినట్టు, జనం లేచిపోకుండా ఏదో ఒకటి పెట్టాలి. కమిటీలోని జాన్ వార్లీ, పీటర్ మీన్‌వెల్ అనే శిక్షకుణ్ణి సాయం అడిగాడు. గుర్రాలు అడ్డంకులు దూకే పోటీల్ని చూసి, అదే కుక్కలతో చేస్తే అనుకున్నారు. నాలుగేసి కుక్కలతో రెండు జట్లు. గెంతడాలూ, గొట్టాలూ, ఎత్తు పలకలూ. విశ్రాంతి వేళ కాలక్షేపానికి పెట్టిన ఆ పది నిమిషాల తమాషా జనానికి అసలు ప్రదర్శనకన్నా నచ్చేసింది. 1980కల్లా కెన్నెల్ క్లబ్ నియమాలు రాసి దాన్ని అధికారికమైన ఆటని చేసింది. అమెరికాకి వచ్చి, 1986లో ఇక్కడ దానికొక సంఘం ఏర్పడింది. 1994లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ తన పోటీలు మొదలుపెట్టింది.

ఈ ఆటలో కుక్కకి తాడు ఉండదు. మనిషి దాన్ని ముట్టుకోకూడదు. అడ్డంకుల వరస ప్రతి పోటీకీ మారిపోతుంది, కుక్కకి ముందుగా తెలియదు. మనిషి పక్కన పరిగెడుతూ భుజం తిప్పి, చెయ్యి చాపి, ఒక మాట అరిచి దారి చెప్పాలి. ముప్ఫై అడుగుల దూరంలో, మనకన్నా రెండింతల వేగంతో పోతున్న కుక్కకి కేలర్ కుదుపు ఎలా అందుతుంది? పైగా మైదానంలో తినుబండారాలూ నిషిద్ధమే. దండన లేదు, ఎర కూడా లేదు. కుక్కకి రావాలనిపిస్తే వస్తుంది, లేకపోతే ప్రేక్షకుల్లో ఎవరి చేతిలోనో ఉన్న శాండ్‌విచ్ వాసన చూడటానికి పోతుంది. భయపడిన కుక్క ఈ ఆటలో తప్పు చెయ్యదు, నెమ్మదిస్తుంది. గడియారం దాన్ని పట్టిచ్చేస్తుంది. దయ గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా మారనివాళ్ళని, నా అంచనాలో, ఈ గడియారం మార్చింది.

అందుకే అంతా ముందే, ఇంట్లోనే, ఫౌండేషన్‌లో జరగాలి. ఏడాదిలోపు పిల్లకి దూకడం నేర్పరు. ఎముకల చివర్లు ఇంకా లేతగా ఉంటాయి, జాతిని బట్టి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది గట్టిపడటానికి. పదిహేను నెలలు నిండనిదే అమెరికన్ కెన్నెల్ క్లబ్ పోటీకి రానివ్వదు. మరి అప్పటిదాకా ఏం చేస్తారు? అరచేయి చాపితే ముక్కు ఆనించడం. ఎడమపక్కే కాదు, కుడిపక్కనా నడవడం. ఆగమన్నచోట, మనం దూరంగా వెళ్ళినా, రమ్మనేదాకా ఆగడం. నేలమీద పడుకోబెట్టిన కర్రని దాటడం. చిత్రమేమిటంటే, చాలా కుక్కపిల్లలకి తమ వెనకకాళ్ళున్నాయన్న ధ్యాసే ఉండదు. ముందుకాళ్ళు ఎటు పోతే అవి అటు వస్తాయి, బండి వెనక ట్రెయిలరులాగా. నాలుగడుగుల ఎత్తున, అడుగు వెడల్పు పలకమీద పరిగెత్తాలంటే అలా కుదరదు కదా. ఆ రబ్బరు తొట్టి ప్రదక్షిణం అందుకు.

పలకల చివర పసుపురంగు వేస్తారు, మూడున్నర అడుగుల మేర. దిగేటప్పుడు కుక్క పాదం ఆ పసుపు మీద పడాలి. పైనుంచే గెంతేస్తే కాళ్ళు విరుగుతాయని పెట్టిన నియమం. ఇది నేర్పడానికి, వెనకకాళ్ళు పలకమీదా ముందుకాళ్ళు నేలమీదా పెట్టి ఆగడం అలవాటు చేస్తారు. మా మెట్లకి కింది మెట్టు మీద బూరె రోజుకి ఇరవైసార్లు చేస్తుంది. ఈమధ్య లాండ్రీ బుట్టతో దిగుతూ నేనూ ఆ మెట్టుమీద ఆగుతున్నాను.

ఇదంతా పరాయి దేశపు గొడవ అనిపించచ్చు. కొల్లేరు చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి జోనంగి కుక్క తెలిసే ఉంటుంది. పొట్టి నున్నటి వెంట్రుకలు, ముడతల నుదురు, మొరగకుండా ఏదో పాడినట్టుండే గొంతు. బాతుల మందల్ని కాసేది. తాడు లేకుండా, దూరంనుంచి కాపరి కేకకీ చేతి సైగకీ మలుపు తిరిగేది. పొలాలు చేపల చెరువులయ్యాక దానికి పని లేకుండా పోయింది, కుక్కా పలచబడిపోయింది. దూరంగా పరిగెత్తే కుక్కకి భుజంతో దారి చెప్పే విద్య ఒలింపియాలో పుట్టిందని నేను రాశాను గాని, ఆ బాతులకాపరులు వింటే నవ్వుకుంటారేమో.

ఇక మన భారతం మొదలయ్యేదే ఒక కుక్కపిల్లని కొట్టడంతో. జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటున్న సారమేయుణ్ణి, ఏ తప్పూ చెయ్యకపోయినా, రాజు తమ్ముళ్ళు కొట్టారు. తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి నిలదీసింది. నన్నయ రాసిన ఆ పద్యం మనలో చాలామంది మార్కులకోసం కంఠస్థం పట్టినదే. నిరపరాధిని ఆలోచన లేకుండా బాధిస్తే, కారణం కనబడని భయాలు వచ్చి మీద పడతాయని ఆవిడ అన్నది. ఆ శాపం భారతంలో కొట్టినవాళ్ళ పక్షానికే తగిలింది. మా ఇంట్లో మాత్రం తగలవలసినవాళ్ళకి తగల్లేదు. చపాతీల పీటకి జడిసింది నేను కాదు.

నవంబరునుంచి మళ్ళీ మొదటినుంచీ వచ్చాం. బయట ఫాక్స్ నది ఒడ్డున మంచు, కాబట్టి అంతా బేస్‌మెంటులోనే. ముందు నేలమీద ఒట్టి చెక్కపలక. అది చూసినా కోడిముక్క. ఒక కాలు పెట్టినా కోడిముక్క. దిగి పారిపోతే పిలవలేదు, కూర్చుని ఎదురుచూశాను. మూడో వారానికి నాలుగు కాళ్ళూ ఎక్కించింది. తరవాత పలక మధ్యలో కింద ఒక తువ్వాలు చుట్ట పెట్టాను, అంగుళం ఊగేలా. మెత్తటి చప్పుడు. తువ్వాలు పోయి ఇటుక వచ్చింది. పోయిన ఆదివారం బూరె తనంతట తాను పలక చివరికి నడిచి, ముందుకాలితో దాన్ని కిందికి కొట్టింది. టప్‌మని చప్పుడైంది. నావైపు చూసింది. నేను క్లిక్కరు నొక్కడం మర్చిపోయాను. అది ఇంకోసారి కొట్టింది.