ఒలింపిక్స్‌లో మన చివరి గోల్ ఎవరిది? తులసీదాస్ బలరాం కథ

ఈ రోజు ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఇండియా కొట్టిన చివరి గోల్ ఎవరిదో తెలుసా?

1960 సెప్టెంబర్ 1, రోమ్ ఒలింపిక్స్. పెరూ చేతిలో మనం 3-1తో ఓడిపోయాం. ఆ ఒక్క గోల్ తులసీదాస్ బలరాం గారిది. అంతకుముందు హంగేరీ మీద కూడా ఆయనే కొట్టారు. ఆ హంగేరీ జట్టులో ఎవరున్నారనుకున్నారు? 1967లో బాలన్ డోర్ గెలిచిన ఫ్లోరియన్ ఆల్బర్ట్! రోమ్‌లో మనకొచ్చింది మొత్తం 3 గోల్సే, అందులో 2 ఈయనవి. ఆ తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఒలింపిక్స్ మొహం చూడలేదు.

ఇంతకీ ఈయన ఎవరో కాదు, సికింద్రాబాద్ పక్కనున్న అమ్ముగూడలో 1936లో పుట్టినాయన. ఆ టాలెంట్‌ని పసిగట్టింది కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, అదే 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్ వేసిన పాత్ర. 1956, 57లో హైదరాబాద్ వరసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు జట్టులో బలరాం ఉన్నారు.

మరి హైదరాబాద్‌లోనే ఎందుకు ఉండిపోలేదు? అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. పెద్ద క్లబ్బులు, నిండిపోయే గ్రౌండ్లు అన్నీ అక్కడే. 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి, వాళ్ల కోసం 100కి పైగా గోల్స్ కొట్టారు. 1961లో ఆయన కెప్టెన్సీలోనే ఆ క్లబ్ కలకత్తా లీగ్ గెలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. స్టేడియం మొత్తం మనకి వ్యతిరేకంగా అరుస్తోంది. అయినా దక్షిణ కొరియాని 2-1తో ఓడించి గోల్డ్ పట్టుకొచ్చాం. ముందు వరసలో చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం. ఆ త్రయాన్ని చూస్తే ఆసియాలో ఎవరికైనా భయమే. అదే ఏడాది ఆయనకి అర్జున అవార్డు వచ్చింది.

సరిగ్గా అక్కడే దెబ్బ పడింది. ఊపిరితిత్తుల జబ్బు వల్ల 1963లోనే ఆట ఆపేయాల్సి వచ్చింది. అప్పటికింకా చిన్న వయసే!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ ముగ్గురిలో చునీకి, పీకేకి పద్మశ్రీ వచ్చింది. బలరాంకి రాలేదు. నాకనిపించేది ఒక్కటే: బెంగాల్‌కి ఆయన బయటినుంచి వచ్చినవాడు, మనకేమో ఇక్కణ్ణించి వెళ్లిపోయినవాడు. మావాడు అని గట్టిగా అడిగేవాళ్లు ఎవరూ లేకపోయారు. 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్ల వయసులో, కోల్‌కతాలోనే కన్నుమూశారు.

మా రాజయ్యపేట ఒడ్డున సాయంత్రమైతే ఇసుకలో బంతి తన్నే పిల్లలుంటారు. మెస్సీ పేరు చెబితే కళ్లు మెరుస్తాయి. బలరాం ఎవరంటే మొహాలు చూసుకుంటారు. తప్పు పిల్లలది కాదు, వాళ్లకి చెప్పనివాళ్లది. అవార్డు ఇవ్వడం మన చేతిలో లేదు, పేరు చెప్పడం మన చేతిలోనే ఉంది. బంతి ఆడే తమ్ముడో చెల్లో మీ ఇంట్లో ఉంటే, ఈ కథ ఇవాళే చెప్పండి.