నాన్న కారు, పొగమంచు, ఒక చిన్న స్టిక్కరు

ఈసారి కొంచెం పెద్ద వ్యాసం. కారు గురించి మొదలుపెట్టాను, చరిత్రలోకి వెళ్ళిపోయాను. నాలాగే తెలుగు ఇంట్లో విని, చదవడం మాత్రం పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళు మెల్లగా చదవండి. కొత్త మాటలు వచ్చినప్పుడు అక్కడే చెబుతాను.

మాది కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్. మా నాన్న అమెరికాలో కొన్న మొదటి కొత్త కారు 1997 మోడల్. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే. నాన్న నడపడం తగ్గించాక అది నా చేతికి వచ్చింది. రెండేళ్ళ కిందట దాని ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి, ఇంజన్‌కి గాలి ఎక్కువగా అందించే పొడుగాటి అల్యూమినియం గొట్టం పెట్టాను. ఇంజన్ చప్పుడు మారింది. "ఏంటమ్మా, లారీలా అరుస్తోంది?" అన్నాడు నాన్న. నాకు మాత్రం ఆ చప్పుడు నచ్చింది.

ఇక్కడ పాత కార్లకు రెండేళ్ళకోసారి పొగ పరీక్ష చేయించాలి. అందులో పాస్ కాకపోతే రిజిస్ట్రేషన్ కొనసాగదు. పోయిన వేసవిలో తీసుకెళ్ళాను. టెక్నీషియన్ కారు చక్రాలను రోలర్ల మీద పెట్టి, గంటకు 15 మైళ్ళ వేగంలో ఒకసారి, 25 మైళ్ళ వేగంలో ఒకసారి నడిపాడు. వెనక గొట్టంలో, అంటే మనవాళ్ళు సైలెన్సర్ అనే దాంట్లో, ఒక కడ్డీ పెట్టి వాయువులు కొలిచాడు. అన్నీ హద్దు లోపలే ఉన్నాయి. నేను నవ్వుతున్నాను. అప్పుడు అతను బానెట్ ఎత్తి, నా అల్యూమినియం గొట్టం చుట్టూ టార్చి వేసి చూశాడు. "దీని మీద నంబరు లేదే?" అన్నాడు. కారు ఫెయిల్.

నాకు చాలా కోపం వచ్చింది. పొగ శుభ్రంగా ఉంటే గొట్టం మీద స్టిక్కరుతో పనేంటి? ఇంటికి వచ్చి, ఈ చట్టం ఎక్కడ పుట్టిందో చదవడం మొదలుపెట్టాను.

కథ 1943లో మొదలవుతుంది. ఆ జూలై 26న లాస్ ఏంజిలస్ నగరం మీద దట్టమైన గోధుమరంగు పొర దిగింది. జనానికి కళ్ళు మండాయి, గొంతు పట్టేసింది. యుద్ధం జరుగుతున్న రోజులు కదా, జపాన్ విషవాయువు వదిలిందేమో అని కొందరు భయపడ్డారు. తర్వాత ఊళ్ళో కృత్రిమ రబ్బరు కోసం బ్యూటాడైన్ తయారుచేసే ఒక ఫ్యాక్టరీ మీద నింద పడింది. దాన్ని కొంతకాలం ఆపించారు. అయినా పొర పోలేదు.

ఆ పొరను ఇంగ్లీషులో స్మాగ్ అంటారు. పొగకీ మంచుకీ ఉన్న ఇంగ్లీషు మాటలు రెండూ అతికించి చేసిన పేరు అది. తెలుగులో పొగమంచు అనే మాట చూసినప్పుడు, అచ్చం అలాగే ఉందే అని ఆశ్చర్యపోయాను. కానీ మా అమ్మ చలికాలం పొద్దున్నే కనిపించే మామూలు మంచును కూడా పొగమంచు అనే అంటుంది. కాబట్టి ఈ మాట జాగ్రత్తగా వాడాలి. నిజానికి లాస్ ఏంజిలస్‌లో దిగింది పొగా కాదు, మంచూ కాదు.

అదేమిటో కనిపెట్టినవాడు ఆరీ హాగెన్-స్మిట్. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన జీవరసాయన శాస్త్రవేత్త, కాల్‌టెక్‌లో ప్రొఫెసర్. ఆయన అసలు పరిశోధన అనాసపండు రుచి, వాసనల మీద. పండు వాసనను పట్టి విడదీసే పద్ధతులతోనే ఆయన నగరపు గాలిని పట్టి పరీక్షించాడు. కార్ల నుంచీ చమురు శుద్ధి కర్మాగారాల నుంచీ వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్ తయారవుతోందని 1950ల మొదట్లో చూపించాడు. ఆ ఊళ్ళో రబ్బరు తొందరగా పగిలిపోవడానికి కూడా ఓజోనే కారణం. చమురు పరిశ్రమ డబ్బుతో పనిచేసిన పరిశోధకులు ఆయన మాట తప్పన్నారు. ఆయన వెనక్కి తగ్గలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. సైలెన్సర్ నుంచి వచ్చేటప్పుడు ఆ వాయువులు చాలావరకు కంటికి కనబడవు. ఎండలో గంటల తరబడి మారి, ఇంకెక్కడో విషమవుతాయి. అందుకే "నా కారు పొగ రావట్లేదు కదా" అనే మాటకు విలువ లేదు. ఆ మాట నేనూ అన్నాను.

కార్ల కంపెనీలు తొందరపడలేదు. లాస్ ఏంజిలస్ కౌంటీ పాలకుడు కెనెత్ హాన్ 1953 నుంచి వాళ్ళకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. చివరికి రాష్ట్రమే నియమాలు పెట్టింది. ఇంజన్ అడుగుభాగం నుంచి వచ్చే ఆవిర్లను గాలిలోకి వదలకుండా మళ్ళీ ఇంజన్‌లోకే పంపే పరికరం 1963 మోడల్ కార్లకు తప్పనిసరి అయింది. సైలెన్సర్ వాయువులకు 1966లో హద్దులు వచ్చాయి. దేశంలో అవే మొదటివి. 1967లో గవర్నర్ రోనాల్డ్ రీగన్ సంతకంతో రాష్ట్ర వాయు వనరుల బోర్డు ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షుడు మన అనాసపండు ప్రొఫెసరే.

1975 మోడళ్ళతో కెటాలిటిక్ కన్వర్టర్ వచ్చింది. తెలుగు పుస్తకాల్లో కెటలిస్ట్‌ను ఉత్ప్రేరకం అంటారు. పలకడానికి నాకు వారం పట్టింది! ఈ ఉత్ప్రేరకానికి సీసం శత్రువు. సీసం కలిపిన పెట్రోలు పోస్తే అది పాడైపోతుంది. అందుకని కొత్త కార్ల ట్యాంకు మూతి చిన్నది చేశారు, సీసం లేని పెట్రోలు పంపు గొట్టం కూడా సన్నగా చేశారు. కానీ సీసం ఉన్న పెట్రోలు చవక. కొందరు ట్యాంకు మూతిని పెద్దది చేసుకున్నారు, కొందరు గరాటు పెట్టి పోసుకున్నారు. కన్వర్టరే పీకేసినవాళ్ళూ ఉన్నారు. కారు ఫ్యాక్టరీలో శుభ్రంగా పుట్టినా, రోడ్డు మీద అలాగే ఉంటుందని నమ్మకం లేదన్నమాట.

1984లో మొదలైన స్మాగ్ చెక్ వెనక ఉన్న ఆలోచన ఇదే. వాయువులు కొలవడంతో పాటు, ఉండాల్సిన భాగాలు ఉన్నాయా లేదా అని కంటితో కూడా చూస్తారు. నా స్టిక్కరు సంగతి కూడా అక్కడే అర్థమైంది. వేరే కంపెనీ భాగం అమ్మాలంటే, దానివల్ల కాలుష్యం పెరగదని పరీక్షల వివరాలతో బోర్డుకు చూపించాలి. ఒప్పుకుంటే బోర్డు ఒక ఉత్తర్వు ఇస్తుంది. ఆ ఉత్తర్వు నంబరే స్టిక్కరు మీద ఉండేది. రోలర్ల మీద కొద్ది నిమిషాలు, రెండే వేగాలు. కొండ ఎక్కేటప్పుడు, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నా కారు ఏం వదులుతుందో ఆ పరీక్షకు తెలియదు. అది తెలుసుకునే పరీక్ష ముందే జరిగిందని ఆ నంబరు సాక్ష్యం. 2021 జూలై నుంచి కారు కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ మార్చారేమో అని కూడా చూస్తున్నారు. మరోపక్క 1975, అంతకు ముందరి మోడళ్ళకు పరీక్షే లేదు. ఇది న్యాయమా అని ఇప్పటికీ వాదనలున్నాయి.

విజయవాడలో ఉన్న మా పెదనాన్నకు ఫోన్లో చెబితే నవ్వాడు. "ఇక్కడ బంకు దగ్గర వ్యాన్ ఉంటుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ చేతిలో పెడతాడు, అంతే. మీకు బానెట్ కూడా ఎత్తుతారా?" అన్నాడు.

ఇక కారు సంగతి. పాత ఫిల్టర్ డబ్బా ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతుంటే, నాన్న గ్యారేజీ అటక మీద నుంచి పాత దుప్పటిలో చుట్టిన మూట దించాడు. "పారేయమన్నావు. నాకు చేతులు రాలేదు" అన్నాడు. ఇద్దరం కలిసి బిగించాం. పని చేసేటప్పుడు బ్యాటరీ తీశాం కాబట్టి కంప్యూటర్ జ్ఞాపకం చెరిగిపోయింది. అది తన పరీక్షలు తాను మళ్ళీ పూర్తి చేసుకోవాలంటే కొన్ని రోజులు రకరకాల వేగాల్లో నడపాలి. రోజూ సాయంత్రం నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఫ్రీవే ఎక్కాను.

ఒకరోజు ఆయన ఉత్తరం వైపు కొండలు చూపించి చెప్పాడు. "నేను ఈ ఊరు వచ్చింది 1989 జూలైలో. అక్టోబరు దాకా అక్కడ కొండలున్నాయని నాకు తెలీదు. ఒకరోజు గాలి వచ్చి పొర తొలగింది. పొద్దున లేచి చూస్తే ఎదురుగా ఇంత పెద్ద కొండ!" సముద్రపు గాలి లాస్ ఏంజిలస్ వాయువులను లోపలికి తోస్తుంది, కొండలు అడ్డుపడతాయి. అవన్నీ మా ఊరి మీదే నిలిచిపోతాయి.

అప్పుడు నాకు స్కూలు గుర్తొచ్చింది. గాలి బాగాలేదని హెచ్చరిక వచ్చిన రోజు మమ్మల్ని బయట ఆడుకోనిచ్చేవాళ్ళు కాదు. మా తమ్ముడికి ఉబ్బసం. చొక్కా జేబులో ఇన్‌హేలర్ లేకుండా వాణ్ణి అమ్మ బయటికి పంపేది కాదు. రాత్రి వాడు దగ్గుతుంటే గోడకు అవతల నేను వింటూ పడుకునేదాన్ని. వాడి ఉబ్బసానికి గాలే కారణమని నేను చెప్పలేను. కానీ ఓజోన్ ఉబ్బసాన్ని ఎక్కువ చేస్తుందని డాక్టర్లు చెబుతారు. ఆ గొట్టం కొన్న రోజు నాకు వాడు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

రెండోసారి కారు పాస్ అయింది. ఇప్పుడు చప్పుడు తక్కువ. నిజం చెప్పాలంటే, ఆ పాత చప్పుడు మీద నాకు ఇంకా ఇష్టం పోలేదు. అల్యూమినియం గొట్టాన్ని అదే దుప్పటిలో చుట్టి నాన్న అటక మీద పెట్టాడు. దాన్ని కూడా పారేయడానికి ఆయనకు చేతులు రాలేదు.