ఇంటిపన్ను, వడ్డీ మినహాయింపు, సొంతింటి భారం: తెలుగు ప్రాంతాల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం: ఇల్లు కొనే స్తోమతను ఇంటి ధర, బ్యాంకు వడ్డీ మాత్రమే నిర్ణయించవు. కొన్న రోజున కట్టే స్టాంపు డ్యూటీ, ఏటా కట్టే ఇంటిపన్ను, ఆదాయపు పన్నులో దొరికే వడ్డీ మినహాయింపు కూడా నిర్ణయిస్తాయి. ఈ మూడూ వేర్వేరు చట్టాల కింద, వేర్వేరు కాలాల్లో రూపొందాయి. భారం ఇంట్లోకి అడుగుపెట్టే వేళ పడగా, ఊరట అప్పటికే పన్ను కట్టే స్థాయి ఆదాయం ఉన్నవారికి ఎక్కువగా అందిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఇంటిపన్ను, వార్షిక అద్దె విలువ, మూలధన విలువ, వడ్డీ మినహాయింపు, స్టాంపు డ్యూటీ.

1. ప్రవేశిక

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో భూములు, భవనాలపై పన్ను రాష్ట్ర జాబితాలో ఉంది. ఆస్తి బదిలీ పత్రాలపై స్టాంపు డ్యూటీ రేట్లను నిర్ణయించే అధికారం కూడా రాష్ట్రాలదే. వ్యవసాయేతర ఆదాయంపై పన్ను కేంద్రానిది. ఇంటిపన్నును వసూలు చేసుకునేది పురపాలక సంఘం. ఒకే ఇంటిపై మూడు స్థాయుల ప్రభుత్వాలు లెక్క కడుతున్నా, ఆ మూడింటినీ కలిపి కొనుగోలుదారు మీద మొత్తం భారం ఎంత పడుతున్నదో చూసే ఏర్పాటు చట్టంలో లేదు. ఈ విడివిడి లెక్కల చరిత్ర తెలిస్తేనే నేటి సొంతింటి భారం అర్థమవుతుంది.

2. అద్దె విలువ – గుంటూరు తీర్పు

కోస్తా, రాయలసీమ పట్టణాలకు వర్తించిన 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం ఇంటిపన్నుకు వార్షిక అద్దె విలువను ఆధారం చేసింది. ఇంటిని అద్దెకిస్తే సహేతుకంగా ఎంత వస్తుందో అంచనా వేసి, అందులో కొంత శాతాన్ని పన్నుగా తీసుకోవడం దాని పద్ధతి. యజమాని తానే ఆ ఇంట్లో ఉన్నా లెక్క మారదు. హైదరాబాదు నగరపాలక సంస్థకు వర్తించిన 1955 చట్టం కూడా అద్దె విలువనే ఆధారం చేసుకుంది.

అద్దె నియంత్రణ చట్టాలు ఈ పునాదిని కదిలించాయి. గుంటూరు పురపాలక సంఘానికి, ఆ పట్టణ పన్ను చెల్లింపుదారుల సంఘానికి నడిచిన వివాదంలో సుప్రీంకోర్టు 1970లో తీర్పు చెప్పింది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం కింద న్యాయమైన అద్దెను కంట్రోలరు ఇంకా నిర్ణయించకపోయినా, ఆ చట్ట సూత్రాల ప్రకారం వచ్చే అద్దెను మించి పన్ను అంచనా వేయరాదన్నది దాని సారాంశం. ఢిల్లీకి సంబంధించిన దివాన్ దౌలత్‌రాయ్ కపూర్ కేసులో తరువాత అదే న్యాయం మరింత స్పష్టపడింది. కిరాయిదారును కాపాడడానికి చేసిన చట్టం ఈ విధంగా యజమాని పన్నుకు కూడా పైకప్పు అయింది. బజారులో ఇంటి విలువ పెరిగినా పన్ను ఆ వేగాన్ని అందుకోలేకపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 1990 నాటి పన్ను అంచనా నియమాలు ప్రాంతం, నిర్మాణ రకం, ప్లింతు విస్తీర్ణం ఆధారంగా అద్దె విలువను లెక్కించే పద్ధతిని తెచ్చాయి. అయినా మూలాధారం అద్దెగానే కొనసాగింది.

3. ఆదాయం నుంచి మినహాయింపుకు

1922 నాటి ఆదాయపు పన్ను చట్టం సొంతింటిని కూడా ఆదాయ వనరుగానే చూసింది. అద్దె కట్టవలసిన అవసరం తప్పడమే యజమానికి ఆదాయమని దాని తర్కం. తానుండే ఇంటి విలువ యజమాని మొత్తం ఆదాయంలో 10 శాతం మించకూడదన్న పరిమితి ఉండేది. ఇల్లు ఆదాయమైనప్పుడు, దాన్ని సంపాదించడానికి చేసిన అప్పుపై వడ్డీ ఖర్చు అవుతుంది. అందువల్ల వడ్డీని మినహాయించేవారు. 1961 చట్టం కొన్ని సడలింపులతో ఇదే తర్కాన్ని నిలుపుకుంది.

1986 ఫైనాన్స్ చట్టం ఈ పొందికను తెంచింది. 1987 ఏప్రిల్ 1 నుంచి సొంతంగా నివసించే ఇంటి వార్షిక విలువను సున్నాగా పరిగణించారు. ఆదాయం లేదన్న తరువాత వడ్డీ మినహాయింపు కూడా పోవాలి. కానీ 5,000 రూపాయల పరిమితితో దాన్ని ఉంచారు. ఒక ఆదాయాన్ని సరిగా కొలవడానికి పుట్టిన మినహాయింపు ఆ రోజుతో గృహ కొనుగోలుకు ఇచ్చే రాయితీగా మారింది.

గృహరుణాల వ్యాపారం అప్పటికి చిన్నది. హెచ్‌డీఎఫ్‌సీ 1977లో మొదలయింది, జాతీయ గృహనిర్మాణ బ్యాంకు 1988లో ఏర్పడింది. రుణాలు మధ్యతరగతికి అందుబాటులోకి వస్తున్న దశలో పరిమితి వేగంగా పెరిగింది. 1999 బడ్జెట్టులో 30,000 నుంచి 75,000 రూపాయలకు, 2000లో లక్షకు, 2001లో లక్షన్నరకు చేరింది. 2014లో 2 లక్షలయింది. ఆ తరువాత ఇళ్ల ధరలు పెరిగినా అది కదలలేదు. 2013, 2016, 2019 బడ్జెట్లు నిర్ణీత విలువ లోపు ఇళ్లకు అదనపు మినహాయింపులు ఇచ్చినా, అవి కాలపరిమితితో ముగిశాయి.

4. ఇద్దరు కొనుగోలుదారుల లెక్క

ఈ చరిత్ర ఫలితాన్ని ఒక ఊహాత్మక లెక్కతో చూడవచ్చు. మొదటి వ్యక్తి 50 లక్షల ఇల్లు కొన్నాడు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు రుణం ఇంటి విలువలో 80 శాతాన్ని మించరాదు కనుక అతనికి 40 లక్షలు రుణం వస్తుంది. 8.5 శాతం వడ్డీపై 20 ఏళ్ల రుణమైతే మొదటి ఏడాది వడ్డీయే 3,30,000 రూపాయలు దాటుతుంది. అందులో 2 లక్షలకే మినహాయింపు. పాత పన్ను విధానంలో 30 శాతం స్లాబులో ఉన్న అతనికి సెస్సు కాక 60,000 రూపాయలు ఆదా అవుతాయి.

రెండో వ్యక్తి పన్ను విధించదగిన ఆదాయం ఏడాదికి 5 లక్షలు. అతను 20 లక్షల ఇల్లు కొన్నాడు. 90 శాతం చొప్పున 18 లక్షల రుణం దొరికినా తన చేతి నుంచి 2 లక్షలు పెట్టాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం చొప్పున మరో లక్షన్నర కావాలి. 10 లక్షలు దాటిన ఇళ్ల విషయంలో ఈ రుసుములను కలుపుకొని రుణ పరిమితిని లెక్కించరు. మొత్తం 3,50,000 రూపాయలు, అంటే అతని ఎనిమిది నెలల ఆదాయానికి మించిన మొత్తం, చేతిలో ఉండాలి. అతను ఏడాదికి సుమారు లక్షన్నర వడ్డీ కడతాడు. కానీ 2019 నుంచి 5 లక్షల వరకు రిబేటు ఉన్నందున అతను కట్టవలసిన ఆదాయపు పన్నే లేదు. లేని పన్నులో మినహాయింపు ఉండదు కనుక వడ్డీపై అతనికి దక్కే ఊరట సున్నా. స్టాంపు డ్యూటీని 80సీ కింద చూపే వీలు కూడా అతనికి అక్కరకు రాదు.

2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం అల్పాదాయ వర్గాలకు 6 లక్షల రుణం వరకు 6.5 శాతం వడ్డీ రాయితీని నేరుగా రుణఖాతాకు జమచేసింది. మినహాయింపుల మార్గం పేదవాని ఇంటి వరకు రాదన్న గ్రహింపు ఆ రూపకల్పనలోనే ఉంది.

5. మూలధన విలువ – ఒకే అంకె, రెండు భారాలు

కోవిడ్ కాలంలో, 2020లో, రాష్ట్రాలకు అదనపు రుణ సౌకర్యం ఇవ్వడానికి కేంద్రం పెట్టిన షరతుల్లో ఇంటిపన్నును రిజిస్ట్రేషన్ విలువలతో ముడిపెట్టడం ఒకటి. ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది పురపాలక చట్టాలను సవరించి, 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ స్థానంలో మూలధన విలువను ప్రవేశపెట్టింది. నివాసాలకు రేటు 0.10 నుంచి 0.50 శాతం మధ్య ఉండాలని, అంతకుముందు కడుతున్న పన్నుపై పెంపు ఏటా 15 శాతం మించరాదని నిర్ణయించింది. తెలంగాణలో 2019 పురపాలక చట్టం 75 చదరపు గజాల లోపు స్థలంలోని చిన్న ఇళ్లకు ఏడాదికి 100 రూపాయల నామమాత్రపు పన్నును నిర్ణయించింది. అయితే ఆ రాష్ట్రంలో 2021 జులైలో మార్కెట్ విలువలను సవరిస్తూనే రిజిస్ట్రేషన్ మొత్తం రేటును 6 నుంచి 7.5 శాతానికి పెంచారు.

ఆంధ్రప్రదేశ్ మార్పులో రెండు పరిణామాలు గమనించదగినవి. మార్కెట్ విలువ అన్న ఒకే అంకె కొనేనాటి స్టాంపు డ్యూటీని, ఏటి పన్నును కూడా నిర్ణయిస్తుంది. ఆ అంకెను సవరించినప్పుడు కొత్తగా కొనేవారిపై రెండు వైపులా బరువు పడుతుంది. రెండవది, 15 శాతం పరిమితి పాత పన్ను ఉన్న ఇంటికి ఆసరా. పోల్చడానికి పాత పన్నే లేని కొత్త ఇంటికి ఆ ఆసరా లేదు. ఒకే వీధిలో ఒకే విలువ గల రెండిళ్లు కొన్నేళ్లపాటు వేర్వేరు పన్ను కట్టవచ్చు.

6. ముగింపు

2020లో వచ్చి 2023–24 నుంచి ప్రధాన విధానంగా మారిన కొత్త పన్ను విధానంలో సొంతంగా నివసించే ఇంటిపై వడ్డీ మినహాయింపు లేదు. అద్దెకిచ్చిన ఇంటి వడ్డీని మాత్రం ఆ అద్దె ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. ఆదాయం ఉన్నచోటే వడ్డీ ఖర్చు అన్న 1922 నాటి తర్కం ఒక విధంగా తిరిగివచ్చింది. 1986లో మొదలైన రాయితీ యుగం కొత్త విధానంలోకి మారినవారికి ముగిసింది.

ఆ రాయితీ న్యాయంగా పంపిణీ కాలేదన్నది నిజమే. కానీ అది తగ్గిన మేరకు మిగిలే రాబడి కేంద్రానిది, గడప దగ్గర వసూలయ్యే 7.5 శాతం రాష్ట్రాలది. ఒకదాన్ని తగ్గించి రెండోదాన్ని సరిదిద్దే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. ఇంట్లో ఉన్నవారిపై ఏటా కొద్దికొద్దిగా పడే పన్నును విలువకు తగినట్టు వసూలుచేసి, కొనే రోజున ఒక్కసారిగా పడే సుంకాన్ని తగ్గిస్తే రెండో కొనుగోలుదారు వంటివారికి మేలు. అయితే ఇంటిపన్ను పురపాలికకు చేరుతుంది, స్టాంపు డ్యూటీ రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. ఆ నష్టాన్ని రాష్ట్రానికి ఎవరు పూడ్చాలన్నది తేలనంతవరకు సొంతింటి స్తోమతను గురించిన చర్చ వడ్డీ రేట్ల దగ్గరే ఆగిపోతుంది.