పేరు లేని మణికారులు

చరిత్రయనగా రాజుల వంశక్రమమేయని మనము బాలురకు నేర్పుచున్నారము. పూర్వపు కరీంనగరు జిల్లాలో, గోదావరి యొడ్డున నున్న కోటిలింగాలలో శాతవాహన వంశకర్తయగు సిముకుని నాణెములు దొరకగా పండితులు మిక్కిలి సంతసించిరి. ఆ సంతోషము న్యాయమే. సమీపమున పెద్దబంకూరులో 22,000 లకు పైగా నాణెములు బయల్పడినవి. కాని యా త్రవ్వకములలోనే దొరకిన రాతిపూసలను గూర్చి ముచ్చటించువారు తక్కువ. నాణెముపై రాజు పేరున్నది. పూసపై నెవ్వరి పేరును లేదు.

ఈ పూసల రాయి పుట్టుక వింతయైనది. ఆదిలాబాదు సీమ పడమటి భాగమును దక్కను నల్లరాయి కప్పియున్నది. ఇంచుమించు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట పొరలుపొరలుగా ప్రవహించిన లావా చల్లారునప్పుడు దానిలో బుడగలవంటి తొఱ్ఱలు మిగిలినవి. వానిలో సిలికా మెల్లగా పేరుకొని అకీకు రాయి యైనది. అది మన చెకుముకిరాతికి దాయాది. నల్లరాయి యెండవానలకు చివికి రేగడిమన్నగును, అకీకు చివుకదు. వాగులు దానిని పెన్‌గంగకును గోదావరికిని చేర్చును. ఏటి గులకరాళ్లలో చారలు దేఱి, వెలుతురున కెత్తి చూచిన నించుక కాంతి చొచ్చునది యిదియే. గోదావరికి ఎగువనున్న పైఠణమునుండి యిట్టి చారలరాళ్లు విస్తారముగా బండ్లపై భరుకచ్ఛపు రేవునకు పోవుచుండెనని క్రీస్తుశకము 1వ శతాబ్దినాటి గ్రీకు నౌకావ్యాపార గ్రంథమగు పెరిప్లసు చెప్పుచున్నది.

రాయి పూసయగు విధమును కన్నులార చూడగోరువారు గుజరాతులోని ఖంభాతునకు పోవలయును. అచ్చట నీ వృత్తి నేటికిని నిలిచియున్నది. మొదట రాతిని సన్నని సెగపై కాల్తురు; అందలి యినుము వలన వన్నెతక్కువ రాయి యెఱ్ఱబాఱును. పిదప దానిని ఇనుపమేకు మొనకానించి, కొమ్ముతో చేసిన సుత్తితో పెచ్చులూడగొట్టుదురు. ఆపైని సానపట్టి, తోలుసంచిలో రాతిపొడితో గలిపి దినములకొలది దొర్లించి మెఱుగు తెచ్చెడివారు. వజ్రపుతునుకలు పొదిగిన బరమాను వింటితో త్రిప్పి, ఇరుకొనలనుండియు బెజ్జము వేయుదురు. రెండు బెజ్జములు నడుమ కలియవలయును. కొలతబద్ద లేదు, చేతి తెలివియే కొలత. మనము పరీక్షలకు వల్లించు విద్య కిది యే విధమున తీసిపోవునో మాకు తెలియదు.

ఏ రాయి యే గ్రహమును శాంతింపజేయునని మన యిండ్లలో విచారింతురు. ఆ రాతిని నునుపు చేసినవాని ఊపిరి యేమైనదని యడుగరు. సానపట్టునప్పుడు లేచు ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను వ్యాధి కలుగుచున్నది. ఖంభాతు పనివారిలో వైద్యులు దీనిని పరీక్షించి నిర్ధారించిరి. దానిని కుదుర్చు మందు లేదు. నీటితో తడుపుచు సానపట్టినను, ధూళిని లాగివేయు యంత్రము నమర్చినను హాని చాల తగ్గును. ఆ వ్యయమును పూస వెలలో చేర్చి యిచ్చుటకు కొనువారు సమ్మతింపవలయును.